ఉరిశిక్ష ఉండాలా వద్దా: క్రిమినల్ కేసులు చేసే లాయరుగా నా జవాబు

మీరు అడిగింది మూడు ముక్కలు. చిన్నపిల్లల్ని చంపినవాణ్ణి ఉరి తీయకపోతే చచ్చిపోయిన వాళ్ళకి అన్యాయం చేసినట్టు కాదా, వాణ్ణి జైల్లో పెట్టి జనం డబ్బుతో మేపడం ఏం నీతి, అదే నీ ఇంట్లో జరిగితే ఇలాగే మాట్లాడతావా అని. చివర్లో మీ వీధిలో పాపని పోగొట్టుకున్న ఒక కుటుంబం ఉందని, కేసు ఏళ్ళ తరబడి సాగుతోందని రాశారు. ఆ కుటుంబం సంగతి ఆఖర్లో చెప్తాను, దానికి వేరే పని ఉంది.

నేను గుంటూరు వైపు సెషన్స్ కోర్టుల్లో చాలా ఏళ్ళుగా ముద్దాయిల తరఫున కేసులు చేస్తున్నాను, అప్పుడప్పుడు బాధితుల తరఫున కూడా. ఉరిశిక్ష పూర్తిగా పోవాలి అన్నది నా అభిప్రాయం, ఉగ్రవాదం కేసుల్లో మాత్రం ఉండాలి లాంటి మినహాయింపులు కూడా నాకు లేవు. హంతకుల మీద జాలితో అనట్లేదండి ఈ మాట. నేను చూసిన ముద్దాయిల్లో జాలిపడాల్సిన వాళ్ళూ ఉన్నారు, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరించే వాళ్ళూ ఉన్నారు.

మూడో ప్రశ్నకి ముందు చెప్తా. నా ఇంట్లో జరిగితే వాణ్ణి నా చేతుల్తో చంపాలనే అనిపిస్తుంది, అందులో దాపరికం ఏముంది. బిడ్డని పోగొట్టుకున్న తల్లికి క్షమించమ్మా అని నీతులు చెప్పే హక్కు ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. కానీ చచ్చిపోయినవాళ్ళు తన బంధువులైతే ఏ జడ్జీ ఆ కేసు వినకూడదు, వేరే కోర్టుకి పంపెయ్యాలి, ఇది మనందరం ఒప్పుకున్న పద్ధతే కదా. ఎందుకు ఒప్పుకున్నాం? ఆ దుఃఖంలో ఉన్న మనిషి ఎదురుగా ఎవర్ని నిలబెట్టినా వాడే అనుకుంటాడు కాబట్టి. కాబట్టి "నీకే జరిగితే" అన్న ప్రశ్నకి నా జవాబు, నాకే జరిగితే శిక్ష నిర్ణయించే పని నాకు ఇవ్వొద్దు అని.

ఇక అసలు విషయం. కొన్ని పనులు చేసినవాడికి బతికే అర్హత లేదు అని ఎవరైనా అంటే నేను వాదించను. తొమ్మిది నెలల పసిపాపని చంపినవాడి గురించి ఏం వాదిస్తాం. నా గొడవంతా ఆ తర్వాత మొదలవుతుంది. మన చట్టం హత్య చేసిన ప్రతివాణ్ణీ ఉరి తీయమని చెప్పట్లేదు. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చినప్పుడే హత్యకి మామూలు శిక్ష యావజ్జీవం, ఉరి వెయ్యాలంటే ప్రత్యేక కారణాలు రాయాలి అని పెట్టారు. 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి, ఉరి రాజ్యాంగ విరుద్ధం కాదు గానీ అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసులోనే వెయ్యాలి అంది, నేరం ఒక్కటే చూస్తే చాలదు, నేరం చేసిన మనిషిని కూడా చూడాలి, వాడు మారే అవకాశం అసలు లేదని ప్రభుత్వం చూపించాలి అని కూడా అంది. అంటే ఏటా ఇన్ని వేల హత్య కేసుల్లో ఎవరో కొద్దిమందిని ఏరాలి. ఆ ఏరేది మనుషులే, మన పోలీసులు, మన లాయర్లు, మన జడ్జీలు. మరణశిక్ష మీద నైతిక చర్చ అంటూ ఏదైనా ఉంటే అది ఈ ఏరివేత చుట్టూ జరగాలి, కానీ మనం ఎప్పుడూ వాడు రాక్షసుడా కాదా అన్న దగ్గరే ఆగిపోతాం.

ఆ ఏరడం ఎలా జరుగుతుందో కోర్టు హాల్లో చూసినవాడిగా చెప్తాను. 302 కేసు, అంటే హత్య కేసు, ఇప్పుడైతే కొత్త చట్టంలో 103. జడ్జిమెంట్ రోజు. ముద్దాయి వెనక బోన్లో ఉంటాడు, పక్కన ఎస్కార్ట్ కానిస్టేబుల్. నేరం రుజువైందని జడ్జిగారు చెప్తారు, ఇంగ్లీషులో, అతనికి అర్థం కాదు, మా వైపు చూస్తాడు. తర్వాత శిక్ష మీద విచారణ అని ఒకటి చట్టంలో ఉంది, పాత కోడ్ లో 235(2), కొత్త దాంట్లో 258(2). బచ్చన్ సింగ్ చెప్పిన మనిషిని చూడటం అంతా ఇక్కడే జరగాలి. ఏం జరుగుతుందంటే, జడ్జిగారు "శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటావా" అని అడుగుతారు, అతను చేతులు కట్టుకుని "ముసలి అమ్మానాన్న ఉన్నారయ్యా, చిన్నపిల్లలున్నారు, నేనొక్కణ్ణే సంపాదించేవాణ్ణి, దయచూపండి" అంటాడు. లాయరు లేచి అదే మాట ఇంకొంచెం మర్యాదగా చెప్తాడు. పీపీ, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, లేచి కఠినంగా శిక్షించాలి అంటాడు. అది జడ్జిమెంట్లో మూడు లైన్లుగా ఎక్కుతుంది. లంచ్ తర్వాత శిక్ష చెప్పేస్తారు. అతను ఏ ఇంట్లో పుట్టాడు, చిన్నప్పుడు ఏం జరిగింది, బడికి వెళ్ళాడా, తల మీద దెబ్బ తగిలిందా, మానసిక జబ్బు ఉందా, జైల్లో ఈ మూడేళ్ళు ఎలా ఉన్నాడు, వీటిలో ఒక్కటి కూడా ఫైల్లో ఉండదు, ఎందుకంటే అవి సేకరించాలంటే ఎవరో అతని ఊరు వెళ్ళాలి, పది మందిని కలవాలి, పాత ఆసుపత్రి చీటీలు వెతకాలి, ఒక డాక్టరు జైలుకి వెళ్ళి అతనితో గంటలు గంటలు మాట్లాడాలి. డబ్బు లేనివాళ్ళకి ప్రభుత్వం పెట్టే లీగల్ ఎయిడ్ లాయరుకి వచ్చే ఫీజులో అది కాదు. చాలాసార్లు ఆ లాయరు ముద్దాయిని కోర్టు వరండాలో తప్ప ఎక్కడా కలిసి ఉండడు. మా వృత్తిలో నాకు ఎక్కువ సిగ్గుగా అనిపించే సంగతి ఇది.

2022 మేలో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఈ లోటు చూసే, ట్రయల్ కోర్టు దశలోనే ముద్దాయి జీవితం గురించి, మానసిక స్థితి గురించి, జైలు నడవడిక గురించి రిపోర్టులు తెప్పించుకోవాలని చెప్పింది. మంచిదే. కానీ ఈ మాట 1980లోనే తేలిపోయిన మాట. ఆ మధ్య నలభై ఏళ్ళల్లో ఉరిశిక్ష పడినవాళ్ళ సంగతేంటి?

డబ్బున్నవాడికి ఇవన్నీ జరుగుతాయండి. మంచి సీనియర్ ని పెట్టుకుంటాడు, సాక్షి చెప్పిన ప్రతి ముక్కనీ క్రాస్ ఎగ్జామినేషన్ లో నలుపుతారు, కేసు ఉరి దాకా అసలు పోదు. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ వాళ్ళు దేశంలో ఉరిశిక్ష పడ్డ ఖైదీలని, వాళ్ళ కుటుంబాలని కలిసి 2016లో ఒక రిపోర్టు వేశారు, అందులో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఆర్థికంగా చితికిపోయినవాళ్ళే. క్రూరత్వం పేదవాళ్ళ దగ్గరే ఉందని ఎవరైనా అనగలరా?

మా పాత గుంటూరు జిల్లాలోనే రెండు కేసులు పక్కపక్కన పెడతాను. ఒకటి చుండూరు, 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది దళితుల్ని పొలాల్లో తరిమి తరిమి నరికారు, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి బాధితులు ఏళ్ళ తరబడి పోరాడారు. 2007లో తీర్పు వచ్చింది, 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. ఉరి ఎవరికీ వెయ్యలేదు. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. రెండోది చిలకలూరిపేట బస్సు కేసు. 1993 మార్చి 8 తెల్లవారుజామున ఇద్దరు కుర్రాళ్ళు ఆర్టీసీ బస్సులో దోపిడీకని ఎక్కి, పెట్రోలు పోసి అంటించారు, 23 మంది కాలిపోయారు. ఆ రోజుల్లో గుంటూరు, నరసరావుపేట మనుషులకి నిద్ర పట్టలేదు, ఆ పేపర్ ఫోటోలు చూసినవాళ్ళు మర్చిపోలేరు. ఆ ఇద్దరూ దళితులు, పేదవాళ్ళు, ఇరవైల వయసు. సెషన్స్ కోర్టు ఉరి వేసింది, హైకోర్టు ఖాయం చేసింది, 1996లో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష తిరస్కరించారు. 1997 మార్చిలో రాజమండ్రి జైల్లో ఉరికి తేదీ పెట్టాక ఆఖరి గంటల్లో సుప్రీంకోర్టు ఆపితే ఆగింది. పౌరహక్కుల వాళ్ళు, రచయితలు, మామూలు జనం గట్టిగా నిలబడ్డారు, మళ్ళీ పిటిషన్ పెట్టించారు, 1998లో రాష్ట్రపతి నారాయణన్ గారు యావజ్జీవంగా మార్చారు.

ఇక్కడ నన్ను తప్పుగా అర్థం చేసుకోకండి. చుండూరు వాళ్ళని ఉరి తీయాల్సింది అని నేను అనట్లేదు, బస్సులో పోయిన 23 మంది ప్రాణాలు తక్కువ అనీ అనట్లేదు. ఒకే జిల్లా, అటూ ఇటుగా అదే కాలం. ఒక వైపు కులం, భూమి, పలుకుబడి ఉన్న గుంపు ప్లాన్ ప్రకారం ఎనిమిది మందిని చంపితే అది అరుదైన కేసు కాలేదు. ఇంకో వైపు వెనక ఎవరూ లేని ఇద్దరు కుర్రాళ్ళు ఉరికంబం గుమ్మం దాకా వెళ్ళొచ్చారు. అరుదు అన్నది నేరాన్ని బట్టి తేలుతోందా, మనిషిని బట్టి తేలుతోందా? ఈ ప్రశ్నకి నాకు ఇప్పటి దాకా ఎవరూ సమాధానం చెప్పలేదు, ఉరి ఉండాల్సిందే అనే జడ్జీలు కూడా, రిటైరయ్యాక టీ తాగుతూ మాట్లాడుకునేటప్పుడు కూడా.

మన దగ్గరే కాదు. హర్బన్స్ సింగ్ కేసు అని ఉంది, ఉత్తరప్రదేశ్ ది. ఒకే నేరం, ముగ్గురు ముద్దాయిలు, ముగ్గురికీ ఉరి. ముగ్గురూ విడివిడిగా సుప్రీంకోర్టుకి వెళ్ళారు, మూడు వేరువేరు బెంచీల ముందు పడ్డారు. జీతా సింగ్ పిటిషన్ కొట్టేశారు. కశ్మీరా సింగ్ కి యావజ్జీవం చేశారు. హర్బన్స్ సింగ్ దీ కొట్టేశారు, రివ్యూ పోయింది, క్షమాభిక్ష పోయింది. 1981 అక్టోబర్ 6న ఉరి. హర్బన్స్ సింగ్ ఆఖర్లో ఇంకో రిట్ వేసి స్టే తెచ్చుకున్నాడు. జీతా సింగ్ వెయ్యలేదు. ఆ రోజు జీతా సింగ్ ని ఉరి తీసేశారు. తర్వాత కోర్టు ఫైళ్ళు మూడూ ఒకచోట పెట్టి చూసుకుని ఇది జరగకూడనిది అని బాధపడింది, 1982లో హర్బన్స్ సింగ్ ఉరి తగ్గించమని రాష్ట్రపతికి సిఫార్సు చేసింది. జీతా సింగ్ చేసిన తప్పు ఏంటంటే తప్పు బెంచి ముందు పడటం, ఇంకో పిటిషన్ వెయ్యకపోవడం. బచ్చన్ సింగ్ కేసులో భిన్నమైన తీర్పు రాసిన జస్టిస్ భగవతి ఈ కేసునే ఎత్తి చూపారు.

అప్పటికి పాతకాలం కాబట్టి అలా జరిగింది అనుకోకండి. 1995లో రావ్ జీ అనే రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు నేరం మాత్రమే చూస్తాం, మనిషిని చూడక్కర్లేదు అన్న పద్ధతిలో ఉరి ఖాయం చేసింది. అది బచ్చన్ సింగ్ కి నేరుగా విరుద్ధం. 1996 మేలో అతన్ని ఉరి తీశారు. ఆ తీర్పు చట్టప్రకారం చెల్లదని 2009లో బరియార్ కేసులో అదే కోర్టు చెప్పింది. ఈలోపు ఆ తప్పుడు తీర్పుని పట్టుకుని ఇంకా కొంతమందికి ఉరిశిక్షలు పడ్డాయి. 2012లో 14 మంది మాజీ జడ్జీలు రాష్ట్రపతికి ఉత్తరాలు రాశారు, కోర్టే తప్పని ఒప్పుకున్న తీర్పుల మీద ఉరి తీయడం ఏంటి అని. జడ్జీలండీ, మావోయిస్టులో మానవహక్కుల వాళ్ళో కాదు.

శిక్ష ఎంత అన్న దగ్గరే ఇంత తేడా ఉంటే అసలు మనిషే తప్పయితే? మహారాష్ట్రలో 2003లో ఒక కుటుంబం మీద దాడి, హత్యలు, అత్యాచారం. సంచార జాతికి చెందిన ఆరుగురిని పట్టుకున్నారు. హైకోర్టు ముగ్గురికి ఉరి ఉంచి ముగ్గురికి యావజ్జీవం చేస్తే, 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికీ ఉరి అంది. 2019 మార్చి 5న మళ్ళీ విని అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులు అంది. ప్రత్యక్ష సాక్షి మొదట్లో పోలీసుల ఫోటో ఆల్బమ్ లో వేరే నలుగురిని గుర్తుపట్టింది, ఆ నలుగురిని పోలీసులు అసలు విచారించలేదు. ఆ ముక్క ఫైల్లోనే ఉంది, పదేళ్ళ ముందు కూడా అక్కడే ఉంది. వాళ్ళకి 16 ఏళ్ళు పోయాయి, మనిషికి 5 లక్షలు పరిహారం ఇమ్మన్నారు. 2009 తర్వాత ఉరి త్వరగా అమలై ఉంటే ఆ 5 లక్షలు ఎవరికి ఇచ్చేవాళ్ళు?

ఇంకొకటి, పూణే కేసు, 1994లో ఏడుగురి హత్య. ఒక ముద్దాయికి 2000లో సుప్రీంకోర్టులో ఉరి ఖాయమైంది. 2023 మార్చిలో తేలింది ఏంటంటే నేరం నాటికి అతని వయసు 12 ఏళ్ళు. రాజస్థాన్ లో ఒక ఊరి బడి రిజిస్టర్లో ఉంది పుట్టినతేదీ. అతను 28 ఏళ్ళు జైల్లో ఉన్నాడు. ఇందాక నేను చెప్పాను చూడండి, ముద్దాయి ఊరు వెళ్ళి బడి కాగితాలు ఎవరూ వెతకరని, దాని ఫలితం ఇది. పన్నెండేళ్ళ పిల్లాడు మూడు కోర్టుల్లో పెద్దవాడిగా ఉరిశిక్ష మొయ్యగలిగాడంటే మనం దేన్ని నమ్మి మనిషి ప్రాణం తీస్తున్నాం.

జైలుశిక్షలోనూ తప్పులు జరుగుతాయి కదా, మరి జైళ్ళూ తీసేద్దామా అని అడుగుతారు కొంతమంది. అడగాల్సిన ప్రశ్నే. పోయిన ఏళ్ళు తిరిగి రావు, నిజం. కానీ పైన చెప్పిన ఆ ఆరుగురూ, పూణే కేసు అతనూ బయటికి వచ్చారు, మా వాడు వచ్చాడని అమ్మకి చెప్పుకోగలిగారు. తప్పు చెయ్యని వ్యవస్థ మనకి రాదు, ఎవరికీ రాదు. అలాంటప్పుడు దిద్దుకోవడానికి వీల్లేని శిక్ష మన చేతిలో ఉంచుకోకూడదు, ఇంత సింపుల్.

2019 డిసెంబర్ గుర్తుచేసుకోండి. హైదరాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టరమ్మాయిని అంత ఘోరంగా చంపాక దేశం అంతా ఊగిపోయింది, నేనూ ఆ వారం సరిగ్గా అన్నం తినలేదు. డిసెంబర్ 6 తెల్లారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు ఎన్‌కౌంటర్ అన్నారు. పోలీసుల మీద పూలు చల్లారు, స్వీట్లు పంచారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఏం చెప్పింది? పోలీసులు చెప్పిన కథ నమ్మేలా లేదు, చంపాలనే కాల్చారు, పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలి అంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లు అని కూడా అంది. ఆ నలుగురే చేశారా, అందరూ చేశారా, ఎవరు ఎంత చేశారు, ఒక్క సాక్షి కూడా బోనెక్కకుండానే ముగిసిపోయింది. ఆ అమ్మాయి తల్లిదండ్రులకి కోర్టులో రుజువైన నిజం ఇక ఎప్పటికీ దొరకదు. మీలాంటి మంచి మనుషులే అప్పుడు చప్పట్లు కొట్టారు. ఉరి కావాలి, వెంటనే కావాలి అన్న కోరిక పెరిగితే చివరికి చేరేది అక్కడికే, విచారణ అన్నది అడ్డంకిలా కనపడటం మొదలవుతుంది. అదే నెలలో ఆంధ్రాలో దిశ బిల్లు తెచ్చి 21 రోజుల్లో తీర్పు, ఉరి అన్నారు. అసెంబ్లీ పాస్ చేసింది, రాష్ట్రపతి ఆమోదం మాత్రం రాలేదు. ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి రిపోర్టు రావడానికే నెలలు పట్టే చోట 21 రోజులు ఎక్కణ్ణుంచి వస్తాయండి.

భయం ఉంటుంది కదా అంటారు. దీని మీద ఎక్కువ రాయను, ఎందుకంటే ప్రపంచంలో ఎవరూ ఉరి వల్ల హత్యలు తగ్గాయని రుజువు చెయ్యలేకపోయారు, 2015లో జస్టిస్ ఏ.పి. షా గారి లా కమిషన్ 262వ రిపోర్టులో కూడా యావజ్జీవం కంటే ఉరికి ఎక్కువ భయపడతారనడానికి ఆధారం లేదనే తేల్చి, ఉగ్రవాదం, దేశం మీద యుద్ధం కేసుల్లో తప్ప మిగతా వాటికి తీసెయ్యమంది. నా అనుభవంలో హత్య చేసేటప్పుడు ఎవడూ సెక్షన్ తలుచుకోడు, తాగి ఉంటాడు, లేదా కోపంలో ఉంటాడు, లేదా దొరకను అనుకుంటాడు. ఆ మూడోవాణ్ణి భయపెట్టేది ఖచ్చితంగా దొరుకుతాను అన్న నమ్మకమే. ఒకటి మాత్రం చెప్పాలి, పిల్లల మీద అత్యాచారానికి ఉరి పెట్టాక నాకు భయం ఇంకో రకంగా పట్టుకుంది. ఈ కేసుల్లో చేసేవాడు ఎక్కువగా మేనమామో, బాబాయో, పక్కింటివాడో. కంప్లయింట్ ఇస్తే వాణ్ణి ఉరి తీస్తారు అని తెలిస్తే ఇంట్లో ముసలమ్మలు ఆ పిల్ల నోరే ముందు మూయిస్తారు. కంప్లయింట్ దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయిన తల్లుల్ని నేను చూశాను.

మీ రెండో ప్రశ్న, మేపడం. యావజ్జీవం అంటే 14 ఏళ్ళే అని చాలామంది అనుకుంటారు, అది తప్పు. యావజ్జీవం అంటే చట్టంలో బతికున్నంత కాలం. హత్య కేసుల్లో 14 ఏళ్ళు పూర్తయ్యాకే ప్రభుత్వం రెమిషన్, అంటే శిక్ష తగ్గింపు, ఇచ్చే విషయం చూడొచ్చు, ఇవ్వాలని రూలేం లేదు. 2008లో శ్రద్ధానంద కేసు నుంచి, ఘోరమైన కేసుల్లో రెమిషన్ లేకుండా 20, 25, 30 ఏళ్ళు లేదా చచ్చేదాకా అని వేసే అధికారం పై కోర్టులు తీసుకున్నాయి, 2015లో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సరే అంది. అంటే వాడు మళ్ళీ మీ వీధిలోకి రాకుండా చూసే దారి ఉంది. జైల్లో ఊరికే కూర్చోబెట్టరు కూడా, కఠిన శిక్ష పడినవాడు పని చెయ్యాలి.

కానీ మీ కోపంలో ఒక న్యాయం ఉంది, అది ఒప్పుకుంటాను. పలుకుబడి ఉన్నవాడు జైల్లోంచి తొందరగా బయటికి వచ్చేస్తాడని జనం ఊరికే అనట్లేదు. 2006లో ఈపూరు సుధాకర్ కేసు చూడండి, మన ఆంధ్రా కేసే. హత్యా సంబంధమైన కేసులో పదేళ్ళు శిక్షపడిన ఒక రాజకీయ మనిషికి గవర్నర్ పేరుతో రెమిషన్ ఇచ్చేశారు, ఇతను మంచి పార్టీ కార్యకర్త అని అధికారుల రిపోర్టులోనే రాశారు. సుప్రీంకోర్టు ఆ ఆర్డర్ కొట్టేసింది. ఉరి కావాలి అని అరిచే చాలామంది నిజానికి అడుగుతున్నది ఇదే అని నాకనిపిస్తుంది, వీడు బయటికి రాకూడదు, మమ్మల్ని వెక్కిరిస్తూ మా ముందు తిరగకూడదు అని. ఆ కోరిక నూటికి నూరుపాళ్ళు న్యాయం. దానికి రెమిషన్ రూల్స్ గట్టిగా ఉండాలి, ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు బాధితుల కుటుంబాన్ని పిలిచి అడగాలి. తాడు అక్కర్లేదు.

మనిషిని ఉరి తీయడం అంటే ఆ ఐదు నిమిషాల పని కూడా కాదు. 1974లో మన ఆంధ్రా నుంచే వెళ్ళిన ఈడిగ అనమ్మ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆమె శిక్ష తగ్గించారు. ఇరవై నాలుగేళ్ళ ఆడమనిషి, అత్తింటి వాళ్ళు వెళ్ళగొడితే చిన్నపిల్లాడితో పుట్టింట్లో ఉంటోంది, ఒక ఆడమనిషినీ ఆమె బిడ్డనీ చంపింది. నేరం ఘోరమే. ఆమె వయసు, ఆమె బతుకు, వాటితో పాటు రెండేళ్ళకి పైగా ఉరి నెత్తిన వేలాడుతూ ఉండటం కూడా శిక్షే అని ఆయన లెక్కలోకి తీసుకున్నారు. అనమ్మ ఉరి కింద బతికింది రెండేళ్ళు. 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో ముఖ్యంగా క్షమాభిక్ష ఫైళ్ళు ఏళ్ళ తరబడి నానబెట్టినందుకు 15 మంది ఉరి తగ్గించాల్సి వచ్చింది. భూమయ్య, కిష్టాగౌడ్ ల సంగతి పాతవాళ్ళకి తెలుసు, ఆదిలాబాద్ జిల్లా రైతుకూలీ పోరాటాల మనుషులు, ఉరి తేదీ పెట్టడం, ఆపడం, మళ్ళీ పెట్టడం, చివరికి ఎమర్జెన్సీలో, 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో తీసేశారు, పౌరులకి ప్రశ్నించే హక్కే లేని రోజుల్లో. పొద్దున్నే తాళం చప్పుడు వినపడితే నాకోసమేనా అనుకుంటూ లేచే మనిషిని తలుచుకోండి, ఏడాది కాదు, రెండేళ్ళు కాదు. వాడు ఎవరికీ ప్రమాదం చెయ్యలేని స్థితిలో, కాళ్ళూ చేతులూ కట్టేసి ఉన్నవాడు. వాడు చేసింది కోపంలోనో దురాశతోనో చేశాడు, మనం మాత్రం ఫైలు మీద సంతకాలు పెట్టుకుని, డాక్టర్ని పక్కన నిలబెట్టుకుని, బరువు తూచి తాడు పొడవు లెక్కేసి చేస్తాం. అంబేద్కర్ గారు 1949 జూన్లో రాజ్యాంగసభలో ఉరిశిక్ష అప్పీళ్ళ మీద చర్చ వచ్చినప్పుడు, దాని బదులు ఉరిశిక్షనే తీసెయ్యడానికి నేను మద్దతిస్తాను అన్నారు. ఆయనకి ఈ దేశంలో అన్యాయం ఎవరి నెత్తిన పడుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ఇప్పుడు మీ వీధి కుటుంబం సంగతి. ఉరి పడుతుందా పడదా అన్నదాని మీదే వాళ్ళు ప్రాణాలు పెట్టుకుని ఉంటే, దయచేసి మెల్లగా ఈ పనులు చేయించండి. ఒకటి, కేసు ఏ కోర్టులో ఉంది, సీసీ (క్యాలెండర్ కేసు) నంబరా ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరా, తర్వాతి వాయిదా ఎప్పుడు, ఈ-కోర్ట్స్ సైట్లో మీరే చూసి చెప్పండి, చాలా కుటుంబాలకి వాయిదా కూడా ఎవరూ చెప్పరు, కొట్టేశాక తెలుస్తుంది. రెండు, పీపీకి సాయంగా తమ తరఫున ఒక లాయర్ని పెట్టుకునే హక్కు వాళ్ళకి ఉంది, కోర్టు అనుమతితో. డబ్బు లేకపోతే జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీకి అప్లికేషన్ ఇస్తే ఉచితంగా ఇస్తారు. మూడు, అక్కడే బాధితుల పరిహారానికి ఇంకో అప్లికేషన్, దీనికి తీర్పు దాకా ఆగక్కర్లేదు, మధ్యంతర పరిహారం కూడా అడగొచ్చు, పాప కేసు కాబట్టి పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కింద వేరే రూల్స్ కూడా వర్తిస్తాయేమో లాయర్ని అడగమనండి. నాలుగు, సాక్షుల్ని ఎవరైనా బెదిరిస్తుంటే విట్నెస్ ప్రొటెక్షన్ స్కీము కింద పిటిషన్ వెయ్యొచ్చు, జిల్లా జడ్జి నేతృత్వంలోని కమిటీ చూస్తుంది. ఐదు, రేపు ముద్దాయిని వదిలేసినా, తక్కువ సెక్షన్ కింద శిక్ష వేసినా, వాళ్ళు సొంతంగా అప్పీలు వేసుకోవచ్చు, ప్రభుత్వం వేసేదాకా ఎదురుచూడక్కర్లేదు, కానీ గడువు ఉంటుంది కాబట్టి తీర్పు రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టాలి. ఛార్జిషీటు కాపీ వాళ్ళ దగ్గర ఉందో లేదో ముందు అది కనుక్కోండి, లేకపోతే రేపే కాపీ అప్లికేషన్ వేయించండి.